ఒక్క కామా

కింగ్‌స్టన్ కోర్టు వెనక, మెట్ల పక్క గదిలో
టేపులు విని టైపు చేస్తాను.
పేజీకింతని ఇస్తారు, మాటలకే.
దగ్గుకీ కుర్చీ కిర్రుకీ ఏడుపుకీ
పైసా రాదు.

ఆగస్టులో నా బల్ల మీదికొచ్చింది
ఆర్విల్ పెనీకుక్ కేసు.
మే పెన్‌లో బేకరీ దోపిడీ. పన్నెండేళ్ళ శిక్ష.
అప్పీలుకి మొత్తం రికార్డు కావాలట.

సాక్షి అయోనీ ఫేసీ, గల్లా దగ్గర కూర్చునే మనిషి.
గొంతుకి పిండి అంటుకున్నట్టు మాట్లాడుతుంది.
అప్పుడు కరెంటు లేదు సర్. గల్లా పక్కన కిరసనాయిలు దీపం.
టోపీ కనుబొమ్మల దాకా లాక్కున్నాడు సర్.
ఎంతసేపు చూశావు?
రొట్టె కాగితంలో చుట్టేంతసేపు.

ఆ రాత్రి వంటింట్లో ఒక రొట్టె చుట్టి చూశాను.
ఏడు సెకన్లు.
భయపడుతున్నట్టు చుట్టాను. నాలుగు.

మూడు వారాలకి తొమ్మిదిమందిని వరసగా నిలబెట్టారు.
పెనీకుక్ చెంప మీద మచ్చ ఉంది కాబట్టి
అందరి చెంపలకీ అదే చోట ప్లాస్టర్ అతికించారు.
ఎండ. చెమట.
ఊడిపోయింది ఒక్క ప్లాస్టరే. అతనిది.
మొదటి వాంగ్మూలంలో మచ్చ మాటే లేదు కదమ్మా?
తర్వాత గుర్తొచ్చింది సర్.

కళ్ళకు కట్టినట్టు చెప్పింది, అన్నాడు ప్రభుత్వ లాయరు.
టైపు చేసి కాసేపు ఆగాను.
కళ్ళకు కట్టేవి గంతలు కూడా.

అసలు సంగతి నాలుగో టేపు, రెండో వైపు.
ఇతనేనని ఖాయంగా చెప్పగలవా?
ఆ తర్వాత
రేకుల మీద వాన మొదలైంది.
ఎవరో కిటికీ మూశారు.
తాళాల గుత్తి కింద పడింది, ఎవరో తీశారు.
అప్పుడు, అవును సర్.
పదకొండు సెకన్లు. ఆరుసార్లు కొలిచాను.
అతన్ని చూసినదానికన్నా
చూశానని చెప్పడానికే ఆమెకి ఎక్కువసేపు పట్టింది.

కాగితం మీద ప్రశ్న, దాని కింద జవాబు.
మధ్యలో మూడు చుక్కలు పెట్టాను.
మిస్ డూహేనీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసింది.
మనం మాటలు రాస్తాం, వాన రాయం.
చెడ్డ మనిషేం కాదు. ముప్పై ఏళ్ళు
ఎవరి పక్షమూ రాయకుండా వేళ్ళు అరగదీసుకుంది.
నేనూ వాదించలేదు. నెలాఖరు, ఇంటద్దె.
ఒక్క కామా పెట్టాను.
అవును, సర్.
ఎర్ర పెన్సిల్ దాన్ని వదిలేసింది. చూడలేదేమో.

మార్చిలో సెలవు పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాను.
ముగ్గురు జడ్జీలు తిప్పుతున్నవి నా పేజీలే.
దీపం, టోపీ, ప్లాస్టర్, అన్నీ చెప్పాడు లాయరు.
మధ్యలో కూర్చున్న జడ్జి కళ్ళజోడు తీశాడు.
నూట ఎనభై ఏడో పేజీలో
తడుముకోకుండానే చెప్పింది కదా?
ఈ లాయరు కొత్తవాడు, ఆ వాన రోజున లేడు.
రికార్డులో అలాగే ఉంది, మై లార్డ్.

బోనులో పెనీకుక్ తలెత్తాడు.
ఆ పదకొండు సెకన్లూ అక్కడే నిలబడ్డ మనిషి.
నోరు తెరిచాడు.
వార్డరు భుజం మీద చెయ్యి వేశాడు.

తీర్పు వాయిదా పడింది. నేను ఆఫీసుకి పరిగెత్తాను.
నాలుగో టేపు పెట్టెలోనే ఉంది,
మీద వేరే కేసు పేరు.
నొక్కి విన్నాను. ఎవరిదో పొలం గట్టు తగాదా.

మర్నాడు లాయరు గది తలుపు కొట్టాను.
చెప్పాల్సింది చెప్పాను, వానతో సహా.
అతను కాగితం తీసి తేదీ వేశాడు.
పదకొండేనా? ఖాయంగా చెప్పగలరా?

కిటికీ బయట బస్సు ఒకటి వెళ్ళింది.
పక్కగదిలో ఫోను మోగి ఆగింది.
అతని కలం
కాగితానికి కాస్త పైన
అలాగే ఉంది.